లేపేవారు లేని ఉదయం

 

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదివే పిల్లలున్న ఇళ్లలో సాధారణంగా మూడు ప్రశ్నలు వినిపిస్తుంటాయి. ఎన్ని మార్కులు వస్తాయి? ఏ కాలేజీలో సీటు దొరుకుతుంది? ఫీజు ఎంతవుతుంది? ఇలా అడగడంలో తప్పు లేదు. బిడ్డ భవిష్యత్తు గురించి ఆలోచించడం తల్లిదండ్రుల బాధ్యతే. కానీ నాలుగో ప్రశ్న ఒకటుంది. దాన్ని అడిగేవారు తక్కువ. ఇల్లు విడిచి వెళ్లిన మరునాడు ఈ బిడ్డను ఫజ్ర్ నమాజుకు ఎవరు లేపుతారు?

నాకు తెలిసిన ఒక సోదరుడు చిన్న వ్యాపారి. అజాన్ వినిపించగానే కొడుకు దుప్పటి లాగి, వెంటబెట్టుకుని మస్జిదుకు తీసుకువెళ్లేవాడు. ఏళ్ల తరబడి అలాగే సాగింది. తండ్రీ కొడుకులు ఒకే వరుసలో నిలబడితే చూసేవారికి ముచ్చటేసేది. అబ్బాయి ఇంటర్ మంచి మార్కులతో పాసయ్యాడు. ఇంజనీరింగ్ చదువుకు హైదరాబాదు వెళ్లి హాస్టల్లో చేరాడు. నాలుగు నెలల తరువాత సెలవులకు ఇంటికి వచ్చాడు. "అక్కడ ఫజ్ర్ ఏ మస్జిదులో చదువుతున్నావు బాబూ?" అని తండ్రి అడిగాడు. కుర్రవాడు తల వంచుకుని చాలాసేపు పలకలేదు. చివరికి, "నాన్నా! అక్కడ లేపేవాళ్లు లేరు. ఇన్నేళ్లూ మీరు లేపారు గానీ, నేనెప్పుడూ లేవలేదు" అన్నాడు.

ఈ సంగతి నాతో చెబుతూ ఆ తండ్రి కంటతడి పెట్టుకున్నాడు. "తప్పు వాడిది ఒక్కడిదే కాదు భాయీ! వాడికి నమాజు నేర్పాను. లేవడం నేర్పలేదు" అన్నాడు.

సోదరులారా! మనలో ఎంతమంది ఇళ్లలో ఇదే జరుగుతోందో ఒక్కసారి ఆలోచించండి. పదిహేడు, పద్దెనిమిదేళ్లు బిడ్డ మన కనుసన్నలలో పెరుగుతాడు. ఆ తరువాత ఒకరోజు పెట్టె సర్దుకుని బస్సెక్కుతాడు. అతనితో పాటు పుస్తకాలు వెళతాయి, పచ్చళ్ల సీసాలు వెళతాయి. దైవభీతి వెళుతుందా?

యాఖూబ్ (అలై) అడిగిన ప్రశ్న

దైవప్రవక్త హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) మరణ ఘడియను గురించి దివ్యఖుర్ఆన్ ప్రస్తావించింది (అల్ బఖర 2:133). ఆయన తన కుమారులను ఉద్దేశించి ఒకే ఒక్క విషయం అడిగారు: నా తరువాత మీరు ఎవరిని ఆరాధిస్తారు? గొర్రెల మందలు ఎవరు చూసుకుంటారనిగానీ, ధాన్యం ఎలా సంపాదిస్తారనిగానీ అడగలేదు. తమ తాతతండ్రులైన ఇబ్రాహీమ్, ఇస్మాయీల్, ఇస్‌హాఖ్ (అలైహిముస్సలాం)లు ఆరాధించిన ఏకైక దేవుణ్ణే ఆరాధిస్తామని కుమారులు జవాబిచ్చారు.

పిల్లల నుండి విడిపోయే వేళ ఒక ప్రవక్త మనసులో ఉన్న ఆందోళన అది. మనం పిల్లల్ని బస్సెక్కించేటప్పుడు ఏం అడుగుతున్నాం? ఛార్జరు పెట్టుకున్నావా, టిక్కెట్టు ఉందా అని అడుగుతున్నాం. అవీ అడగాలి. కానీ అవి మాత్రమే అడిగి చేయి ఊపితే సరిపోదు.

ఆవగింజ పాఠం

లుఖ్మాన్ తన కుమారునికి చేసిన హితబోధ ఖుర్ఆన్‌లో భద్రంగా ఉంది (31:13-19). అందులోని వరుసను గమనించండి. మొదట అల్లాహ్‌కు ఎవరినీ సాటి కల్పించవద్దన్నారు. ఆ సందర్భంలోనే తల్లిదండ్రుల హక్కు గురించి అల్లాహ్ ఆదేశం వస్తుంది. ఆ తరువాత లుఖ్మాన్ ఆవగింజ సంగతి చెప్పారు. ఒక పని ఆవగింజంత చిన్నదైనా, అది రాతి లోపల దాగినా, ఆకాశాల్లోనో భూమిలోనో ఎక్కడ ఉన్నా సరే, అల్లాహ్ దాన్ని వెలికి తెస్తాడని బోధించారు. నమాజు నెలకొల్పమని ఆదేశించింది ఆ తరువాతే.

తన ప్రభువు తనను చూస్తున్నాడన్న నమ్మకం ముందు మనసులో నాటుకోవాలి. అప్పుడు నమాజుకు తండ్రి కావలి అక్కర్లేదు. ఆ నమ్మకం లేకపోతే తండ్రి కనుమరుగైన రోజే నమాజు కూడా కనుమరుగవుతుంది.

ప్రియ విద్యార్థులారా! హాస్టలు గది తలుపు మూసుకుంటే మీరు, మీ ఫోను మాత్రమే మిగులుతారు. అర్ధరాత్రి మీరు ఏం చూస్తున్నారో అమ్మకు తెలియదు. గదిలోని స్నేహితుడు పందెం కట్టే ఆట ఒకటి చూపిస్తాడు. "వంద పెడితే వెయ్యి వస్తుంది" అంటాడు. జూదాన్ని అల్లాహ్ సైతాను చేష్టగా పేర్కొని, దానికి దూరంగా ఉండమన్నాడు (అల్ మాయిద 5:90). డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటల వల్ల ఎన్నో కుటుంబాలు నాశనమైపోయాక 2025 ఆగస్టులో మన దేశ పార్లమెంటు కూడా వాటిని నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం కళ్లు గప్పే దారులు ఎప్పుడూ ఉంటాయి. ఆవగింజను చూసేవాని కళ్లు గప్పే దారి లేదు.

హజ్రత్ యూసుఫ్ (అలై) పరాయి దేశంలో, పరాయి ఇంట్లో ఉన్నారు. పక్కన తండ్రి లేరు. తనను ఎరిగిన ఊరివాళ్లు లేరు. తలుపులన్నీ మూసి, చెడుకు పిలిచినప్పుడు ఆయన అల్లాహ్ శరణు కోరారు (12:23). తండ్రి నీడ నుండి చిన్ననాడే దూరమైనా, ఆయన మనసులోని దైవభీతి దూరం కాలేదు. తరువాతి కాలంలో అదే దేశపు ధాన్యాగారాల బాధ్యత ఆయన చేతికి వచ్చింది.

తల్లిదండ్రులకు ఒక మనవి

పరీక్షలు ముగిసిన నాటి నుండి కాలేజీలు తెరిచే వరకు కొన్ని వారాలు దొరుకుతాయి. ఆ రోజుల్ని ఎంట్రెన్స్ కోచింగ్ ఒక్కదానికే ఇచ్చేయకండి. బిడ్డకు బాధ్యతలు అప్పగించే కాలంగా వాటిని వాడుకోండి. పిల్లలకు ఏడేళ్లకు నమాజు చెప్పమని, పదేళ్లకు గట్టిగా పట్టించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు (అబూ దావూద్). శిక్షణ మెట్టుమెట్టుగా సాగాలని దీనివల్ల అర్థమవుతుంది. పద్దెనిమిదేళ్ల మెట్టు దగ్గర చేయవలసినవి కొన్ని చెబుతాను.

మొదటిది, ఫజ్ర్‌కు లేపడం మీరు మానేస్తున్నట్లు బిడ్డతో చెప్పండి. అలారం పెట్టుకుని తానే లేవాలి. ఒకరోజు తప్పిపోతే కేకలు వేయవద్దు. మెలకువ రాగానే నమాజు చదువుకోనివ్వండి. మన ఇంట్లో ఉండగా రెండు రోజులు తప్పి మూడో రోజు లేవడం నేర్చుకోవడం మేలు. హాస్టల్లో నాలుగు నెలలు తప్పితే ఆ అలవాటు మళ్లీ రావడం కష్టం.

రెండోది, ఒక నెల ఇంటి ఖర్చు బిడ్డ చేతికివ్వండి. కూరగాయలు, కరెంటు బిల్లు, పాలవాడి బాకీ తానే చూసుకుని లెక్క రాయాలి. డబ్బు ఎలా వస్తుందో, ఎలా కరిగిపోతుందో అప్పుడు తెలుస్తుంది. ధనం ఎక్కడ నుండి సంపాదించావు, దేనికి ఖర్చు చేశావు అని ప్రళయదినాన ప్రశ్నిస్తారని ప్రవక్త (స) తెలిపారు (తిర్మిజీ). యవ్వనం దేనిలో గడిపావన్న ప్రశ్న కూడా అదే హదీసులో ఉంది.

మూడోది, కొడుకు చేత కూడా అన్నం వండించండి, బట్టలు ఉతికించండి. దైవప్రవక్త (స) ఇంట్లో ఇంటివారి పనుల్లో సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (బుఖారీ). ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

నాలుగోది, కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు దగ్గరలోని మస్జిదు కూడా చూసి రండి. ఇమామ్ సాహెబుకు బిడ్డను పరిచయం చేయండి. మనిషి తన స్నేహితుని ధోరణినే అనుసరిస్తాడని, ఎవరితో స్నేహం చేస్తున్నాడో చూసుకోవాలని ప్రవక్త (స) హెచ్చరించారు (అబూ దావూద్, తిర్మిజీ). మొదటి వారంలో ఏర్పడే స్నేహాలు చాలామందికి చదువు ముగిసే దాకా నిలుస్తాయి.

ముందు ఒంటెను కట్టండి

ఒంటెను కట్టి అల్లాహ్‌పై భారం వేయాలా, విడిచిపెట్టి భారం వేయాలా అని ఒక వ్యక్తి అడిగితే, ముందు కట్టి ఆ తరువాత నమ్మకం ఉంచమని ప్రవక్త (స) సెలవిచ్చారు (తిర్మిజీ). మనలో చాలామంది ఒంటెను కట్టకుండానే తవక్కుల్ అంటుంటారు.

ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో జాబితాలోని ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. దూదేకుల వారు బి.సి.-బి కిందికి వస్తారు. మీ వర్గం ఏ జాబితాలో ఉందో ముందే తెలుసుకోండి. కుల, ఆదాయ, స్టడీ సర్టిఫికెట్లు కౌన్సెలింగ్ నాటికి సిద్ధంగా ఉంచుకోండి. ఆధార్‌లో, మెమోలో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. మన పేర్లలో షేక్, మొహమ్మద్ ఒకచోట ఒకలా, ఇంకోచోట మరోలా ఉంటాయి. ఆ అక్షరాల తేడాతోనే ఎంతోమంది ఆఖరి నిమిషంలో పరుగులు తీస్తుంటారు.

కోర్సు ఎంచుకునేటప్పుడు ముందు విచారించండి, అనుభవజ్ఞులను సంప్రదించండి, ఆపై ఇస్తిఖారా నమాజు చదివి అల్లాహ్‌ను మేలు కోరండి. ఇస్తిఖారా విచారణకు బదులు కాదు. అందరూ ఇంజనీర్లు కానక్కర లేదు. డిగ్రీ, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం, ఉపాధ్యాయ శిక్షణ, చేతివృత్తి, ఇవన్నీ ధర్మసమ్మతమైన సంపాదనకు దారులే. పనికి పెట్టుకోదగినవాడు శక్తి, నిజాయితీ రెండూ ఉన్నవాడని హజ్రత్ మూసా (అలై) వృత్తాంతంలో ఉంది (28:26). చదువు శక్తినిస్తుంది. నిజాయితీ ఇంటి నుండి తీసుకువెళ్లవలసిందే. పెద్ద కాలేజీ పేరు కోసం వడ్డీ అప్పులో కూరుకుపోయే బదులు, భరించగలిగే ఫీజున్న కాలేజీ మేలు. స్థోమత గల సోదరులు అర్హులైన పేద విద్యార్థులను తమ జకాత్‌లో గుర్తుంచుకోవాలి.

కుమార్తెల మాట

కొడుకు కోసం అప్పు చేయడానికైనా సిద్ధపడే తండ్రి, కూతురు ఇంటర్ పాసవగానే "ఇక చాలు" అంటాడు. జ్ఞానార్జన ప్రతి ముస్లింపై విధి అని ప్రవక్త (స) అన్నప్పుడు (ఇబ్నె మాజా) కొడుకుల్ని మాత్రమే వేరుచేసి చెప్పలేదు. హజ్రత్ ఆయిషా (రజి) నుండి రెండు వేలకు పైగా హదీసులు మనకు చేరాయి. సహాబాలలోని పెద్దలు సైతం సందేహాలు తీర్చుకోవడానికి ఆమె వద్దకు వచ్చేవారు. కూతురి భద్రత గురించి భయం ఉంటే భద్రమైన కాలేజీ వెతకండి, తోడు ఏర్పాటు చేయండి. చదువు ఆపివేయడం భద్రత కాదు.

ఫలితాలు వచ్చిన రోజు

ఇప్పుడొక బరువైన మాట. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వెలువడ్డాక 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ పిల్లల తల్లిదండ్రుల దుఃఖం మనకు గుణపాఠం కావాలి.

బిడ్డలారా! ప్రాణం మీ సొంత ఆస్తి కాదు, అల్లాహ్ అప్పగించిన అమానతు. మిమ్మల్ని మీరు చంపుకోవద్దని వారించిన చోటనే, తాను మీ పట్ల కరుణ గలవాడినని ఆయన తెలియజేశాడు (అన్నిసా 4:29). మేలు చేకూర్చే దానికోసం పాటుపడమని, అల్లాహ్ సహాయం కోరమని, నిస్సహాయులై కూర్చోవద్దని ప్రవక్త (స) బోధించారు. ఏదైనా కష్టం వస్తే, "అలా చేసి ఉంటే బాగుండేది" అనే చింత సైతానుకు తలుపు తెరుస్తుందని హెచ్చరించారు (ముస్లిం). తప్పిన సబ్జెక్టుకు సప్లిమెంటరీ పరీక్ష ఉంది. పోయిన ప్రాణానికి సప్లిమెంటరీ లేదు.

తల్లిదండ్రులారా! ఆ రోజు మీ నోటి నుండి వచ్చే మొదటి మాటను ఈ రోజే సిద్ధం చేసుకోండి. పక్కింటి పిల్లల మార్కులు ఎత్తవద్దు. "ఫలితం ఏదైనా నీవు మా బిడ్డవే, రా, అన్నం తిందాం" అనండి. బిడ్డ మౌనంగా ఉండిపోయినా, తిండీ నిద్రా మానేసినా ఒంటరిగా వదలకండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. దుఆ చేయడం, వైద్యుని సలహా తీసుకోవడం రెండూ ఒంటెను కట్టే పనులే.

వీడ్కోలు

దైవప్రవక్త (స) హజ్రత్ ముఆజ్ (రజి)ను యమన్‌కు పంపేటప్పుడు, యువకుడైన ముఆజ్ వాహనంపై ఉండగా తాము పక్కనే నడుస్తూ, హితబోధ చేస్తూ సాగనంపారని ఉల్లేఖనాల్లో ఉంది (ముస్నద్ అహ్మద్). ఎక్కడున్నా అల్లాహ్‌కు భయపడమని, చెడు జరిగితే వెంటనే మంచి చేసి దాన్ని చెరిపివేయమని, ప్రజలతో సత్ప్రవర్తనతో మెలగమని ఆయన బోధించినట్లు తిర్మిజీలోని హదీసు చెబుతోంది.

ఎక్కడున్నా! ఇంట్లో ఉన్నా, హాస్టల్లో ఉన్నా, ఊళ్లో ఉన్నా, దేశం దాటినా. మన బిడ్డల పెట్టెలో అన్నిటికంటే పైన సర్దవలసినది ఈ ఒక్క మాటే.

ఇందాక చెప్పిన ఆ కుర్రవాడు సెలవులు ముగిసి వెళ్లేటప్పుడు తండ్రితో, "రేపటి నుండి ఫజ్ర్ చదివాక నేనే మీకు ఫోను చేస్తాను నాన్నా" అన్నాడట. కొన్ని రోజులు ఫోను మోగింది, కొన్ని రోజులు మోగలేదు. ఇప్పుడు చాలా రోజులు మోగుతోందని ఆ తండ్రి సంతోషంగా చెప్పాడు. అల్‌హమ్దులిల్లాహ్!

ఓ అల్లాహ్! మా పిల్లలకు లాభదాయకమైన జ్ఞానాన్ని, ధర్మసమ్మతమైన ఉపాధిని ప్రసాదించు. మేము వారి పక్కన లేని వేళ నీవు వారిని కాపాడు. ఎవరూ లేపకపోయినా నీ కోసం లేచే హృదయాలను మాకూ, వారికీ అనుగ్రహించు. ఆమీన్.