నా ప్రాణము నాదేనా?

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, అపొస్తలుల కార్యములు 27, రోమా 14:7



“నా ప్రాణము నాది. అపాయము వచ్చిన నాకే గదా వచ్చును, ఇతరులకేమి?” అను మాట మనము తరచుగా వినుచున్నాము. అది ఎంతవరకు సత్యమో యోచింతము.

అల్ట్రాలైట్ అను మిక్కిలి తేలికయైన విమానములు కలవు. అమెరికా దేశములో 1982లో ఏర్పడిన నిబంధనల ప్రకారము, ఇంజనుగల అట్టి విమానము బరువు 254 పౌనులకు, అనగా సుమారు 115 కిలోలకు లోపుగా నుండవలెను. దానిలో ఒక్కడే కూర్చుండవలెను. నడుపువానికి లైసెన్సు అక్కరలేదు. అయితే జనసమ్మర్దముగల ఊళ్ల మీదుగాను, బహిరంగ సభల మీదుగాను ఎగురరాదు. దీని భావమేమి? నీకు అపాయము తెచ్చుకొందువేమో నీ యిష్టము, పొరుగువాని నెత్తిన మాత్రము పడకుము అనియే. లోక న్యాయమునకు ఇది చాలును. క్రైస్తవునికి చాలునా?

ఆకాశమున ఇంజను ఆగిన వెంటనే విమానము రాయివలె పడదు. రెక్కల బలముతో కొంతదూరము జారుచు దిగును. అప్పుడు పైలటు విమానాశ్రయము చేరలేనియెడల, పొలమో మైదానమో చూచి దిగవలెను. భయముచేత ముక్కును పైకెత్తినయెడల వేగము తగ్గి, రెక్కలు పట్టు తప్పి, విమానము కూలును. ముక్కును దించినవాడే దానిని తన స్వాధీనమందు ఉంచుకొనును.

2015 మార్చి 5న ప్రసిద్ధ సినిమా నటుడు హారిసన్ ఫోర్డుకు ఇట్టి గడియ వచ్చెను. ఆయన నడిపినది అల్ట్రాలైట్ కాదు, రెండవ ప్రపంచ యుద్ధకాలపు చిన్న శిక్షణ విమానము. విమానములో ఆయన ఒంటరిగానే యుండెను. కాలిఫోర్నియాలోని శాంటా మోనికా విమానాశ్రయమునుండి లేచిన కొద్దిసేపటికే ఇంజను శక్తి కోల్పోయెను. తిరిగి వచ్చుటకు ఎత్తు చాలలేదు. చుట్టును ఇండ్లు. విమానము దగ్గరనున్న గోల్ఫు మైదానములో, చెట్టు కొనను తగిలి నేలకు పడెను. ఆయన తీవ్రముగా గాయపడెను గాని బ్రదికెను. క్రింద ఎవరికిని హాని కలుగలేదు. అక్కడ ఆడుకొనుచున్న ఒక వైద్యుడు పరుగెత్తి వచ్చి సాయపడెను. కార్బ్యురేటరు లోపల ఒక చిన్న భాగము వదులై ఊడుటయే కారణమని విచారణలో తేలెను. భుజపు పట్టీ సరిగా బిగింపబడనందున గాయములు మరి యెక్కువయ్యెననియు తేలెను.

చూడుడి, ఒక్కడే ఎక్కిన విమానములో ఎందరున్నారో! మరలు బిగించినవారు, పట్టీ అమర్చినవారు, క్రింద ఇండ్లలోనివారు, పరుగెత్తి వచ్చినవారు, ఇంటివద్ద కనిపెట్టుకొనియున్నవారు. మనలో ఎవడును తనకోసమే బ్రదుకడు, తనకోసమే చావడు అని పౌలు రోమీయులకు వ్రాసినది ఇదే గదా.

అట్లయిన ఎగురుట పాపమా? కాదు. క్రొత్త యిల్లు కట్టువాడు డాబామీదికి ఎక్కవద్దని ధర్మశాస్త్రము చెప్పలేదు. ఎవడైనను దానిమీదనుండి పడి, ఆ రక్తాపరాధము ఆ యింటిమీదికి రాకుండునట్లు పిట్టగోడ కట్టుమని చెప్పెను. దేవుడు ఎత్తును నిషేధింపలేదు, అజాగ్రత్తను నిషేధించెను.

అపాయమునకు వెరవక వెళ్లవలసిన వేళలును కలవు. ఎపఫ్రొదితు క్రీస్తు పనికొరకు ప్రాణమునే లక్ష్యపెట్టలేదు. అది ప్రేమ. కేవలము తన సరదాకొరకు, గొప్పకొరకు ప్రాణమును పందెమొడ్డుట వేరు. రెండిటిని ఒకే పేరుతో పిలువరాదు.

పౌలు ఎక్కిన ఓడను తలంచుడి. దానిలో 276 మంది యుండిరి. రేవు చేరలేక, దరిగల యొక సముద్రపు పాయలోనికి ఓడను త్రోయవలసి వచ్చెను. అంతకుముందే నావికులు తమ ప్రాణముమాత్రము దక్కించుకొనుటకు చిన్న పడవలో పారిపోజూచిరి. వీరు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకొనలేరని పౌలు శతాధిపతితో చెప్పెను. ఓడ బద్దలాయెను గాని ఒక్క ప్రాణమును నశింపలేదు. ఆ ద్వీపవాసులు వానలో నిప్పు రాజబెట్టి వారినందరిని చేర్చుకొనిరి.

మనము విమానములు ఎక్కకపోవచ్చును. అయితే హెల్మెటు లేక మోటారు సైకిలు నడుపుచు, “నా తల నా యిష్టము” అను యౌవనుడు మన సంఘములలో లేడా? ముఖమునకు గుడ్డయైన కట్టక పురుగుమందు చల్లు తండ్రి లేడా? గట్టుగోడ లేని బావిని అట్లే విడిచిపెట్టినవారు లేరా? ఆ తల వెనుక ఒక తల్లి కన్నీరు కలదు. ఆ తండ్రి వెనుక బిడ్డల అన్నము కలదు. ఆ బావి ప్రక్కను పొరుగువాని బిడ్డ ఆడుకొనుచున్నాడు.

కావున ప్రియులారా, మన ప్రాణము మనకు అప్పగింపబడినదే గాని మన సొత్తు కాదు. విలువపెట్టి కొనబడినవారము. ఈ వారము మీ యింటిలో పిట్టగోడ లేని స్థలమేదో వెదకుడి. దొరికినచోట కట్టుడి. దేవుడు మిమ్మును కాపాడును గాక.