సంశయమే వినోదమైనప్పుడు: రియాలిటీ షోలు – ప్రేక్షక ధర్మం

ప్రస్తావన

టెలివిజన్ రియాలిటీ షోలపై తెలుగులో జరుగుతున్న చర్చ ప్రధానంగా అశ్లీలత చుట్టూ తిరుగుతున్నది. ఏ మాటలు, ఏ చేష్టలు ఇంటిల్లిపాదీ చూడదగినవన్నదే అందులోని ప్రశ్న. అది అవసరమైన ప్రశ్నే గాని, చూపేవారి బాధ్యతకే పరిమితమైనది. చూసేవారి ధర్మం ఆ చర్చలో వెనుకబడిపోయింది. తెలిసి, ఒప్పుకొని, ప్రతిఫలం పుచ్చుకొని కెమెరా ముందుకు వచ్చిన మనిషి దుఃఖాన్ని వినోదంగా చూడడంలో దోషమేమైనా ఉన్నదా? ఉంటే అది ఎక్కడ ఉన్నది? ఈ వ్యాసం ఆ విషయాన్ని పరిశీలిస్తుంది. ఇందుకు రెండు ఆధారాలు తీసుకోవడమైనది. ఒకటి, ప్రేక్షకుడి స్థితిని గురించి అలంకారశాస్త్రం చేసిన విచారం. రెండు, 2016 అక్టోబర్ 11న జరిగిన పునర్విభజనలో ప్రధానంగా ఉమ్మడి వరంగల్ నుండి ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల అనుభవం.

కన్నీరు – సంశయం

నాటకంలో నటుణ్ణి చూసి ‘ఇతడు రాముడు’ అనుకునే జ్ఞానం ఎటువంటిదన్న ప్రశ్నకు శ్రీశంకుకుడు చిత్రతురగ న్యాయంతో సమాధానం చెప్పాడు. బొమ్మలోని గుర్రాన్ని చూసి గుర్రమంటాము. అది యథార్థజ్ఞానం కాదు, మిథ్యాజ్ఞానం కాదు, సాదృశ్యజ్ఞానం కాదు. ఔనా కాదా అన్న సంశయమూ కాదు. నాటక ప్రతీతి ఈ నాలుగింటికీ భిన్నమైనదని ఆయన నిరూపించదలచాడు. శంకుకుడి అనుమానవాదాన్ని అంగీకరించని అభినవగుప్తుడు కూడా సంశయం విషయంలో దృఢంగానే ఉన్నాడు. రసప్రతీతికి అడ్డువచ్చే ఏడు విఘ్నాలను పేర్కొంటూ వాటిలో సంశయయోగాన్ని చేర్చాడు.

అక్కడ ఆయన ఎన్నుకున్న ఉదాహరణ కన్నీరు కావడం గమనార్హం. కన్నీరు శోకం వల్లనే రావాలని లేదు. ఆనందం వల్లా రావచ్చు, కంటి జబ్బు వల్లా రావచ్చు. ఒక్క అనుభావాన్ని విడిగా చూపితే సంశయం తప్పదు. బంధువు మరణం విభావంగా, విలాపం, కన్నీరు అనుభావాలుగా, చింత, దైన్యం వంటివి వ్యభిచారిభావాలుగా కలిసి వచ్చినప్పుడు ఆ కన్నీరు శోకానిదేనని స్థిరపడుతుంది. రససూత్రంలోని ‘సంయోగం’ అన్న మాటకు ఇక్కడ ఒక నైతిక ప్రయోజనం కూడా కనిపిస్తుంది. కారణంతో కలిపి చూపిన దుఃఖాన్నే మనం నమ్మగలుగుతాము, దానికి స్పందించగలుగుతాము.

వేషం, మనిషి

జనగామ జిల్లా ఇద్దరు పెద్ద ప్రదర్శకులకు పుట్టినిల్లు. ఒగ్గుకథకు దేశవ్యాప్త గుర్తింపు తెచ్చిన చుక్క సత్తయ్య లింగాలఘనపురం మండలం మాణిక్యపురం వాసి, 2017లో మరణించారు. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన గడ్డం సమ్మయ్య చిందు యక్షగాన కళాకారులు. 2024లో పద్మశ్రీ పొందారు. ఒగ్గు కథకుడు కథనం నడుమ భుజంమీది వస్త్రాన్ని తలమీదికి తీసుకుంటే తల్లి అవుతాడు, తీసివేస్తే మళ్లీ కథకుడు. ఆ తల్లి ఏడిస్తే వింటున్న ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకుంటారు. ఆ ఏడుపు నిజమేనా అన్న ప్రశ్న ఎవరికీ రాదు. కథకుడి నేర్పును విమర్శించవచ్చు గాని అతడి నిజాయితీపై విచారణ జరగదు.

ఈ పోలిక ఆ కళాకారుల జీవితంలోని అవమానాన్ని కప్పిపుచ్చకూడదు. దేవుడి వేషానికి మొక్కిన చేతులే వేషం విప్పిన చిందు కళాకారుణ్ణి కులం పేరుతో దూరం పెట్టాయి. వేషానికీ మనిషికీ మధ్య గీత మనిషిని ఎల్లప్పుడూ కాపాడలేదు. అయినా ఆ గీత ఒక మేలు చేసింది. వేషం పొందిన నింద వేషంతోనే పోయేది. దుర్యోధనుడి పాత్రధారి తెల్లవారి దుర్యోధనుడిగా సమాధానం చెప్పుకోనక్కరలేదు.

కారణం లేని కన్నీరు

1999లో నెదర్లాండ్స్‌లో మొదలైన ‘బిగ్ బ్రదర్’ నమూనా ‘బిగ్ బాస్’ పేరుతో 2006లో హిందీకి, 2017 జులై 16న స్టార్ మా ద్వారా తెలుగుకు వచ్చింది. జూనియర్ ఎన్టీఆర్ వ్యాఖ్యాతగా సాగిన ఆ మొదటి భాగం నడుస్తుండగానే, ఆగస్టు 24న, సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. పౌరుడి ఏకాంతానికి రాజ్యాంగ రక్షణ స్థిరపడిన ఋతువులోనే ఏకాంతాన్ని స్వచ్ఛందంగా వదులుకునే వినోదం మన ఇళ్లలోకి వచ్చింది.

ఈ కార్యక్రమంలో పాల్గొనేవారికి వేషం లేదు, సొంత పేరే ఉంటుంది. రోజంతా చిత్రించినదాన్ని సుమారు గంట నిడివికి కుదిస్తారు. అంతకుముందు వచ్చే ప్రోమోలో ఒకరి కన్నీరు కనిపిస్తుంది, దాని కారణం కనిపించదు. అభినవగుప్తుడు విఘ్నమన్నది ఇక్కడ నిర్మాణసూత్రమైంది. విభావాన్ని దాచి అనుభావాన్ని ముందు చూపితే సంశయం పుడుతుంది. ఆ సంశయమే మరునాటివరకు ప్రేక్షకుణ్ణి నిలుపుతుంది. వినోద వార్తలు, యూట్యూబ్ విశ్లేషణలు అక్కడినుండి అందుకొని ‘నిజమా, నటనా’ అన్న విచారణను నడుపుతాయి. రంగస్థలంమీద ప్రశంస అయిన ‘నటన’ అన్న మాట ఇక్కడ నేరారోపణ అయింది. సహృదయుడు కావలసిన ప్రేక్షకుడు తీర్పరి అయ్యాడు; అతడి చేతికి ఓటు కూడా వచ్చింది.

2023నాటి ఏడవ భాగం దీనికి నిదర్శనం. సిద్దిపేట జిల్లా నుండి వచ్చిన పల్లవి ప్రశాంత్ తనను రైతుబిడ్డగా చెప్పుకున్నారు. ఆ గుర్తింపు నిజమైనదా, సానుభూతికోసం వాడుతున్నదా అన్న వాదన ఇంటిలోపలి నామినేషన్లలోనూ, బయటి వార్తల్లోనూ సాగింది. డిసెంబర్ 17న ఆయన విజేత అయిన రాత్రి అభిమానుల గొడవల్లో హైదరాబాద్ స్టూడియో వెలుపల ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి. ఇది ఆటే అనుకుని చూస్తున్నామన్న సమాధానం ఆ రాత్రి ముందు నిలవదు.

అంగీకారం సరిపోతుందా?

వారు ఒప్పుకొనే వచ్చారు గదా అన్న ఆక్షేపణను తేలికగా తోసివేయరాదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లికి చెందిన గంగవ్వ 2020లో ఆ ఇంటికి వెళ్లారు, ఆరోగ్యం సహకరించక మధ్యలోనే తిరిగి వచ్చారు, ఆ తరువాత సొంత ఇల్లు కట్టుకున్నారు. ఆమెను అమాయకురాలిగా, మోసపోయిన మనిషిగా చిత్రించడం ఆమె వివేకాన్ని కించపరచడమే. అంగీకారానికి విలువ ఉన్నది.

అయితే ఆ అంగీకారం పాల్గొన్నవారికీ నిర్మాతకూ మధ్య ఒప్పందం. నిర్మాతపై ఉన్న అభియోగాన్ని అది కొంత తగ్గించవచ్చు. చూసేవాడి మనసులో ఏర్పడే అలవాటుకు అది బాధ్యత వహించదు. పైగా పాల్గొన్నవారు ఒప్పుకున్నది చూడబడడానికి. తమ ప్రతి దుఃఖమూ రుజువు కోరబడడానికి ఒప్పుకున్నారనడం కష్టం; అటువంటి రుజువు ఎవరూ ఇవ్వలేరు. ఏడిస్తే నటన, ఏడవకపోతే కాఠిన్యం. ఈ ఉచ్చుకు ఒప్పందపత్రంలో గడువు ఉండదు, బయటికి వచ్చాక కూడా అది మనిషి పేరును అంటుకొనే ఉంటుంది.

సంశయం అలవాటైతే

ఈ అలవాటు టీవీ దగ్గరే ఆగితే ఇంత విచారం అక్కరలేదు. ఉమ్మడి వరంగల్ 1997–98లో పత్తి రైతుల ఆత్మహత్యలను చూసిన నేల. ఆనాటినుండి ఇక్కడ కన్నీటికి రుజువు కోరడం ఒక పాలనా వ్యవహారం కూడా అయింది. 2004లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు 421 ప్రకారం, రైతు ఆత్మహత్య నిజంగా సాగు కష్టాల వల్ల జరిగినదేనా అన్నది ఆర్డీవో నాయకత్వంలోని త్రిసభ్య కమిటీ నిర్ధారించాలి. పట్టా కాగితం పేరున లేని కౌలు రైతు భార్యకు ఆ రుజువు ఎంత కష్టమో మహబూబాబాద్ పత్తి, మిర్చి చేలలో చెప్పనక్కరలేదు. ప్రజాధనం వ్యయం చేసేచోట విచారణ ఉండాలన్న వాదనకు బలమున్నది. ఆ సంశయానికి ఒక కర్తవ్యం ఉన్నది, నివేదికతో ఒక అంతమూ ఉన్నది, తప్పు జరిగితే ప్రశ్నించదగిన అధికారి ఉన్నాడు.

వినోదమైన సంశయానికి ఈ మూడూ లేవు. అది తీరకూడదు, తీరితే ఆట ముగుస్తుంది. రాత్రివేళ అలా చూడడానికి అలవాటుపడిన కన్ను, పగటివేళ భూపాలపల్లిలో గని ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్న ఇల్లాలి ముందు వార్తాఛానల్ మైకు పెట్టినప్పుడు వేరుగా చూస్తుందన్న భరోసా ఏమిటి? ఊరి పంచాయితీలో ఏడ్చిన ఆడబిడ్డను ‘డ్రామా చేస్తున్నది’ అని కొట్టిపారేయడం టెలివిజన్ నేర్పినది కాదు, అది పాత క్రూరత్వమే. టెలివిజన్ దానికి వినోదమన్న గౌరవాన్ని ఇచ్చింది.

ఉపసంహారం

ఇంతటితో రియాలిటీ షోలు చూడరాదన్న విధి ఏర్పడదు. సంశయించడమే తప్పన్న నిర్ణయమూ సరికాదు. సంశయం లేని ప్రేక్షకుడు నిర్మాత చేతిలో బొమ్మ. ధర్మాధర్మాల భేదం సంశయం ఎవరివైపు తిరుగుతున్నదన్న దానిలో ఉన్నది. ఏడుస్తున్న మనిషివైపు తిరిగితే అది తీర్పు. ఆ కన్నీటికి ముందు జరిగినది ఎందుకు చూపలేదన్న ప్రశ్నగా కూర్పువైపు తిరిగితే అది వివేకం. విభావాన్ని అడగడం ప్రేక్షకుడి హక్కు. అది దొరికేదాకా కన్నీటిపై తీర్పును ఆపుకోవడం అతడి ధర్మం. ఆ మనిషి చూడబడడానికి ఒప్పుకున్నంత మాత్రాన ఈ ధర్మం నుండి మనకు మినహాయింపు లేదు.