పిట్టతో ఆడితే అబద్ధం కాదా?

అబద్ధం ఆడకూడదని ఒకటో తరగతి నుంచీ మనకు చెబుతున్నారు. అయితే మనుషులతోనే ఆడకూడదా, పిట్టలతో కూడా ఆడకూడదా? పోయిన వేసవి సెలవుల్లో నాకు ఈ సందేహం వచ్చింది.

హోసూరులో మా ఇంటి పెరట్లో ఒక నిమ్మచెట్టు ఉంది. రోజూ పొద్దున్నే అందులోంచి "టువీట్, టువీట్" అని ఒకటే అరుపు. ఎంత వెతికినా పిట్ట కనిపించేది కాదు. మా అన్న ఫోన్‌లో మెర్లిన్ అనే యాప్ ఉంది. అది కూత విని పక్షి పేరు చెబుతుంది. చెట్టు దగ్గర ఫోన్ పెడితే, ఆకుల్ని కలిపి కుట్టి గూడు కట్టుకునే దర్జీపిట్ట అని చూపించింది. అంత చిన్న పిట్టకు ఇంత గొంతా అనుకున్నాను.

ఆ యాప్‌లో దాని కూత రికార్డింగు కూడా ఉంది. గట్టిగా పెట్టాను. వెంటనే అది తోక నిక్కించుకుని బట్టల తీగ మీద వాలింది. నాకు భలే సంతోషమైంది. పక్కింటి స్నేహితురాళ్లను పిలిచి మళ్లీ మళ్లీ పెట్టాను. పెట్టిన ప్రతిసారీ అది అటూ ఇటూ ఎగురుతూ ఇంకా గట్టిగా అరిచింది. అంతలో రెండో పిట్ట ముక్కున పురుగుతో వచ్చింది. గూటికి పోకుండా కొమ్మ మీదే ఆగిపోయింది.

అవ్వ వరండాలోంచి చూసి అనింది: "దాని ఇంటి ముందర నిలబడి, దాని గొంతుతోనే జగడానికి పిలుస్తా ఉండావే! అది పిల్లలకు మేత పెట్టేదా, నీతో కొట్లాడేదా?"

పిట్ట కూత మనకు పాట. దానికి మాత్రం "ఈ చోటు నాది, రావద్దు" అనే హెచ్చరిక. వేరే పిట్ట తన చోటులోకి వచ్చిందని నమ్మి, లేని శత్రువుతో అది పోట్లాడింది. నేను రాయి విసరలేదు, గూడు ముట్టుకోలేదు. అయినా దాని పిల్లల మేతకు అడ్డం పడ్డాను.

ఈ సంగతి మా సైన్సు సారుకు చెబితే, ఆయన కలివికోడి గురించి చెప్పారు. 1900 తర్వాత కనిపించక, అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. అది ఎక్కడెక్కడ ఉందో తెలుసుకోవడానికి పరిశోధకులు చీకటి పడ్డాక దాని కూత రికార్డింగునే వినిపించి, జవాబు కోసం ఎదురుచూశారట. మరి వాళ్లు చేసిందీ తప్పేనా?

చాలా రోజులు ఆలోచించాను. మోసపోయే పక్షికి మన కారణాలు తెలియవు. దానికి రెండూ ఒకటే. తేడా మన వైపు ఉంది. వాళ్లు ఆ పక్షి బతికే చోటును కాపాడటానికి వినిపించారు. నేను స్నేహితుల ముందు గొప్ప కోసం వినిపించాను. మంచి పనికైనా ఎంత తక్కువ మోసం చేస్తే అంత మేలు. ఆటకైతే అసలే వద్దు.

ఇప్పుడు ఫోన్ వినడానికే వాడుతున్నాను, వినిపించడానికి కాదు. చెట్టుకు దూరంగా మెట్ల మీద కూర్చుంటే కాసేపటికి అదే వస్తుంది. ఒక్కో రోజు రాదు. ఆ రోజు దానికి వేరే పని ఉందనుకుంటాను.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని