అర్ధరాత్రి వీధిలో రబ్బరు చెప్పులు



శనివారం రాత్రి పదకొండు దాటాక బర్మింగ్‌హామ్ బ్రాడ్ స్ట్రీట్‌లో ఎప్పుడైనా నడిచారా? క్లబ్బుల ముందు వరుసలు, పాటల మోత, యౌవనస్థుల గుంపులు. చదువుకోవడానికి వచ్చిన మన తెలుగు పిల్లలూ వారిలో ఉంటారు. "లోకం పాడైపోయింది" అనుకుంటూ మనం తల తిప్పుకుని దాటిపోతాం.

2003లో లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో రెవరెండ్ లెస్ ఐజాక్ గారు అలా దాటిపోలేదు. స్ట్రీట్ పాస్టర్స్ పరిచర్య మొదలుపెట్టారు. నేడు ఈ దేశంలో ఎన్నో పట్టణాల్లో సంఘ విశ్వాసులు వారాంతపు రాత్రులు వీధుల్లో తిరుగుతున్నారు. హైహీల్స్ చేతపట్టుకుని గాజుపెంకుల మధ్య నడిచే అమ్మాయికి రబ్బరు చెప్పులు ఇస్తారు. తాగి కూలబడినవానికి నీళ్లిచ్చి, ఇల్లు చేరే దారి చూస్తారు. ప్రసంగం చేయరు, చెప్పుకుంటే వింటారు.

లూకా 15లో తండ్రి, కుమారుడు ఇంకా దూరముగా ఉండగానే చూశాడు. ఎదురుచూసేవానికే అంత దూరం కనబడుతుంది. పెద్ద కుమారుడు మాత్రం కోపంతో ఇంటి బయటే నిలిచిపోయాడు.

ప్రియులారా, రాత్రి రెండు గంటలకు ఆపదలో పడితే మీ బిడ్డ మీకు ఫోన్ చేస్తాడా? "నాన్న తిడతాడు" అని ఊరుకుంటాడా? ఈ వారమే చెప్పండి: "ఏ వేళైనా, ఏ స్థితిలోనైనా ఫోన్ చెయ్యి. ముందు వచ్చి తీసుకొస్తాను. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం."

అట్టి తండ్రి మనస్సు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.