నయం కాని జబ్బు, సమాజ ధర్మం

ఆయుర్వేదం రోగాలను సాధ్యాలు, అసాధ్యాలు అని విడదీసి, అసాధ్యాల్లో ‘యాప్యం’ అనే తరగతిని ప్రత్యేకంగా గుర్తించింది. యాప్య వ్యాధి పూర్తిగా నయం కాదు. మందు, పథ్యం సాగినంత కాలం అదుపులో ఉంటుంది. ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. కూలబోయే ఇంటిని దన్నుగా పెట్టిన గుంజ నిలిపినట్టు వైద్యం ఈ రోగిని నిలుపుతుందని సుశ్రుత సంహిత పోల్చింది. నేటి మధుమేహం, రక్తపోటు, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఈ లక్షణానికి సరిపోతాయి. ఆ దన్ను జీవితాంతం కావాలి కనుక దాని ఖర్చు ఎవరు మోయాలన్నది ధర్మానికి సంబంధించిన ప్రశ్న.

దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 31.5 కోట్ల మందికి రక్తపోటు ఉన్నాయని 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం అంచనా వేసింది. మన వైద్య వ్యవస్థ మాత్రం ప్రధానంగా అంటురోగాలు, కాన్పులు, ఆపరేషన్ల కోసం రూపొందింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో పేద కుటుంబాలను ఆపరేషన్ల అప్పుల నుంచి కాపాడింది. కానీ దాని దృష్టి ఎక్కువగా ఆస్పత్రిలో చేరాక జరిగే చికిత్స మీదే. రోజూ వేసుకునే బిళ్ల, నెలనెలా చేయించుకునే పరీక్ష చాలా ఇళ్లలో సొంత ఖర్చే. బీపీ బిళ్ల మానేసిన కూలీ పక్షవాతంతో పడిపోతే కుటుంబం సంపాదన కోల్పోతుంది, ప్రభుత్వం ఆ బిళ్ల ఖర్చుకు ఎన్నో రెట్లు పెట్టాల్సి వస్తుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ భారం కళ్లకు కడుతుంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో జీడి, కొబ్బరి తోటల మీద బతికే కుటుంబాలను కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా పీడిస్తోంది. డయాలసిస్ రోగి వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు యంత్రం పక్కన గడపాలి. చికిత్స ఉచితమైనా ఆ రోజు రోగి కూలీ పోతుంది, తోడు వచ్చినవారి కూలీ కూడా పోతుంది. అందుకే 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డయాలసిస్ రోగుల పింఛను నెలకు రూ.10,000 చేసింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, ఉద్దానానికి తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి.

జబ్బు కర్మఫలమనో, తిండి అదుపులో లేకపోవడం వల్లనో వచ్చిందని, కాబట్టి ఎవరిది వారే మోయాలని కొందరు వాదిస్తారు. ఈ వాదన శాస్త్రానికీ నిలవదు, అనుభవానికీ నిలవదు. గాలి, నీరు, నేల, కాలం చెడినప్పుడు వేరువేరు శరీర తత్వాలున్నవారు ఒకేసారి రోగాల పాలవుతారని చరక సంహిత విమానస్థానం చెబుతుంది. పాలకులు ధర్మం తప్పడాన్నీ అందుకు మూలకారణంగా చూపుతుంది. ఉద్దానం జబ్బుకు కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. కారణమే తేలని చోట రోగిని తప్పుపట్టడం అన్యాయం.

నిధులు పరిమితమన్నది నిజమే. అందుకే ఊళ్లోనే మందు బిళ్ల, క్రమం తప్పని పరీక్ష, మంచినీరు ముందుగా అందాలి. జబ్బు ముదిరినవారి డయాలసిస్ కూడా ఆగకూడదు. ఇది దయతో వేసే భిక్ష కాదు, సమాజం తీర్చవలసిన బాధ్యత.