ప్రేమకథలో అడవి మనుషులు

స్టెఫెనీ మేయర్ అనే అమెరికన్ రచయిత్రి 2005లో ప్రచురించిన "ట్వైలైట్" నవలా, దాని వెంట వచ్చిన మూడు భాగాలూ మన కాలేజీ అమ్మాయిల చేతుల్లో అట్టలు ఊడేదాకా నలగడం నేను చూశాను. రక్తపిశాచి అయిన ఒక యువకుడూ, ఒక మామూలు అమ్మాయీ ప్రేమించుకోవడం ఇందులో కథ. మనలో చాలామంది ఇటువంటి పుస్తకాన్ని తెరవకుండానే "పలాయన సాహిత్యం" అని తీర్పు చెప్పేస్తారు. నేను నాలుగు భాగాలూ చదివాను. ఆ తీర్పు చాలదని నా అభిప్రాయం.

అద్భుతమైనదల్లా అభివృద్ధి నిరోధకం కానక్కరలేదు. కొడవటిగంటి కుటుంబరావు గారు వామపక్ష రచయితగా ఉంటూనే ఏళ్ళ తరబడి "చందమామ"లో పనిచేసి రాక్షసుల కథలూ, మాంత్రికుల కథలూ పిల్లలకు అందించారు. రాక్షసుడు లేడన్న సంగతి పిల్లలకు తెలియకపోలేదు. కథలో రాక్షసుడు ఉన్నాడా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. కథ ఎవరిని రాక్షసుడంటున్నది, ఎవరిని మనిషంటున్నది అన్నదే ప్రశ్న.

ముందుగా, ఈ పుస్తకం చదివే అమ్మాయిల పక్షాన ఒక మాట చెప్పాలి. నాయిక బెల్లా తనకు కావలసినవాణ్ణి తానే ఎంచుకుంటుంది. ఇది మనకు చిన్న విషయంగా కనిపిస్తే, మనం ఏ సమాజంలో ఉన్నామో మరిచిపోయామన్నమాట. 2018లో మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ణి, గర్భవతి అయిన భార్య పక్కన ఉండగానే, కిరాయి హంతకుడు నరికి చంపాడు. అతను చేసిన నేరమల్లా కులం దాటి పెళ్ళిచేసుకోవడం. పక్క వీధి కుర్రవాణ్ణి ప్రేమించడానికే ప్రాణాలు ఒడ్డవలసిన చోట, రక్తపిశాచిని ప్రేమించడం ఒక అమ్మాయికి అంత ప్రమాదంగా తోచకపోతే ఆశ్చర్యమేముంది? ఆ కోరికను చూసి నవ్వేవాడు అభ్యుదయవాది కాడు.

అయితే ఆ కోరికకు నవల చూపించిన దారి ఎటువంటిది? మార్క్స్ "పెట్టుబడి" గ్రంథంలో పెట్టుబడిని రక్తపిశాచితో పోల్చాడు. మేయర్ ఆ పిశాచాన్ని అందగాడుగా, మర్యాదస్తుడుగా, ధనవంతుడుగా చేసింది. ఎడ్వర్డ్ కుటుంబంలో ఒకామెకు జరగబోయేది ముందే కనిపిస్తుంది. కనక షేర్ల బజారులో వాళ్ళకు నష్టమన్నది రాదు. మనుషుల్ని వదిలి జంతువుల రక్తం తాగుతారు కనక తమను తాము శాకాహారులమని హాస్యమాడుకుంటారు. అమ్మాయి నిద్రపోతుంటే ఆమెకు తెలియకుండా గదిలోకి వచ్చి చూస్తూ కూచుంటాడు ప్రియుడు. ఆమె మరొక స్నేహితుణ్ణి కలవకుండా ఆమె బండి యంత్రంలో భాగం ఊడదీస్తాడు. మన అమ్మాయిలకు ఈ కాపలా ఇంట్లో అలవాటైనదే. తండ్రి చేస్తే నిర్బంధమనీ, ప్రియుడు చేస్తే ప్రేమ అనీ నవల నేర్పుతోంది.

ఆ మరొక స్నేహితుడు జేకబ్. అతను క్విలియూట్ అనే ఆదివాసి తెగ యువకుడు. ఇది కల్పిత తెగ కాదు. అమెరికా వాయవ్య తీరాన లా పుష్ అనే ఊళ్ళో నివసిస్తున్న ప్రజలు వాళ్ళు. తాము తోడేళ్ళ నుంచి పుట్టామని వాళ్ళ పురాణం. ఆ పురాణాన్ని మేయర్ తీసుకుని, ఆ తెగ యువకులను కోపం వస్తే తోడేళ్ళయే మనుషులుగా మార్చింది. తెల్లజాతి పిశాచానికి సంయమనం, సంగీతం, సంపద. ఆదివాసి యువకుడికి ఒంటి వేడి, ఆవేశం, నాలుగు కాళ్ళు. ఆ పంపకం అనుకోకుండా జరిగిందే కావచ్చు. అయినా పంపకం పంపకమే.

నవలలో పిశాచాలకూ, తోడేళ్ళకూ మధ్య ఒక ఒప్పందం ఉంటుంది. పిశాచాలు తెగ భూమిలోకి అడుగుపెట్టరాదు. ఆ ఒప్పందాన్ని తరాల తరబడి పాటిస్తారు. నన్ను అన్నిటికంటె కదిలించింది ఇదే. చరిత్రలో అమెరికా ప్రభుత్వం 1855-56లో ఈ తెగతో ఒప్పందం రాయించుకుని వాళ్ళ భూములు తీసుకుంది. 1889లో జనం కూలికి వెళ్ళిన సమయంలో వలస వచ్చిన ఒక తెల్లవాడు వాళ్ళ ఇళ్ళు తగలబెట్టాడు. చివరికి మిగిలింది సుమారు చదరపు మైలు నేల. సముద్రపు ముంపు నుంచి ఎత్తుకు తరలడానికి కొంత భూమి ఇస్తూ 2012లో గాని చట్టం రాలేదు. పిశాచాలు మాట నిలబెట్టుకోవడం, ప్రభుత్వం నిలబెట్టుకోకపోవడం—ఈ రెండిట్లో ఏది అద్భుతమో పాఠకులే చెప్పాలి.

ఇటువంటి కథ కోసం అమెరికా దాకా పోనక్కరలేదు. భద్రాచలం దగ్గర పర్ణశాలలోనే సీతారాములు కాపురమున్నారనీ, శూర్పణఖ వచ్చింది ఇక్కడికేననీ ఈ ప్రాంతం నమ్మకం. ప్రేమ కోరి వచ్చిన అడవి స్త్రీ ముక్కుచెవులు పోగొట్టుకుంది. భారతంలో హిడింబి అన్నను చంపినవాణ్ణి పెళ్ళాడి, కన్నకొడుకును వాళ్ళ యుద్ధంలో పోగొట్టుకుంది. అడవి నాగరికుల ప్రేమకు రంగస్థలం. అడవి మనిషి ఆ ప్రేమకు అడ్డమో, బలో అవుతాడు. ఈ అడవిలోనూ ఒప్పందాలున్నాయి. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని 1/70 చట్టం చెప్పింది. పోడు భూమి మీద హక్కు ఇస్తామని 2006 నాటి అటవీ హక్కుల చట్టం చెప్పింది. అయినా పోడు రైతు ఆ హక్కు కోసం ఇంకా ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. 2014లో పోలవరం ముంపు కోసం కూనవరం, చింతూరు వంటి మండలాలను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మార్చారు. గోదావరి ఒడ్డున కోయవాళ్ళ ఊళ్ళకు ఊళ్ళే లేచిపోవలసి వచ్చింది.

ఆశ్రమ పాఠశాలలో చదువుకుని కాలేజీకి వచ్చిన కోయ అమ్మాయి కూడా ఈ నవల చదువుతుంది. చదివినంతసేపూ తాను బెల్లా అనుకుంటుంది. అనుకోవడం ఆమె హక్కు. కాని పుస్తకంలో ఆమె వాళ్ళవంటివాళ్ళు ఎక్కడున్నారో ఆమెకు ఎవరూ చెప్పరు. ఆమె చేతిలోని పుస్తకం లాక్కోవడం ఉపాధ్యాయుల పని కాదు. ఆమెతో కలిసి చదివి, ఈ ప్రేమ ఎవరి భూమి మీద నడుస్తున్నది, దీని ఖర్చు ఎవరు భరిస్తున్నారు అని అడగడం మన పని. ఆ తరవాత ఆమె తన ఊరి ప్రేమకథ తానే రాయవచ్చు. అందులో ఎన్ని దయ్యాలైనా ఉండనివ్వండి. ఎవరు దయ్యమో, ఎవరు మనిషో నిర్ణయించేది మాత్రం ఆమె కావాలి.