యంత్రమును, ఉపాధ్యాయుడును

విద్యాబోధనలో యంత్రసహాయము తగునా యని నేడెవరును వాదింపరు. ఆలోచింపవలసిన ప్రశ్న వేరొకటి గలదు: యంత్రమునకు అప్పగింపదగిన పని యేది, అప్పగింపరానిది యేది?

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు మన దేశమున 'సైట్' అను ప్రయోగము జరిగినది. అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశ్, బీహారు, ఒరిస్సా మొదలగు ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు ఉదయము పిల్లల కొరకును, సాయంకాలము పెద్దల కొరకును టెలివిజన్ కార్యక్రమములు ప్రసారమైనవి. ప్రయోగశాల నెరుగని పల్లెబడికి సైతము విజ్ఞానపాఠము చేరినది. దీనిని ఆడంబరమని తీసివేయుట అన్ని వసతులును గలవారికే చెల్లును.

కాని బొమ్మ ఆకాశమునుండి దిగినదే గాని, బాలుని సందేహము పైకి పోవుటకు మార్గము లేదు. 'అర్థము కాలేదు' అను మాట వినుటకు తరగతిలో ఉపాధ్యాయుడే కావలసి వచ్చెను. ఏడాది నిండగానే ఉపగ్రహము మరలిపోయినది. పిల్లలును, ఉపాధ్యాయుడును మిగిలిరి.

నేటి యంత్రము ప్రశ్నను గ్రహించి తక్షణమే బదులు చెప్పును. ఇది గొప్ప మార్పే. అయినను అది అడిగినవానికే బదులు చెప్పును. అడుగుటకు జంకి చివరి వరుసలో తల వంచుకొని కూర్చున్న బాలిక మౌనమును కనిపెట్టి, మరునాడు ఆమె కొరకు పాఠమును మరల మొదలుపెట్టు బాధ్యత మనుష్యునిదే.

యంత్రము వలన మిగిలిన కాలమును ఉపాధ్యాయుడు అట్టి బిడ్డలకు వెచ్చించినచో విద్య వర్ధిల్లును. ఉపాధ్యాయుని నియమింపకుండుటకు యంత్రమును సాకుగా చూపినచో, పేదవాని బిడ్డకు ద్రోహము చేసినవారమగుదుము.